తీసుకున్నది రూపాయల్లో ఖర్చయింది, తీర్చాల్సింది డాలర్లలో: విదేశీ రుణాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: చైనా అప్పుల ఉచ్చులో పడి శ్రీలంక హంబన్‌తోట రేవును పోగొట్టుకుందని, ఆ అప్పే 2022లో ఆ దేశాన్ని దివాలా తీయించిందని చాలాచోట్ల చదివాను. ఇది ఎంతవరకు నిజం?
(ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: ఈ కథనంలో కొంత నిజం ఉంది గాని, శ్రీలంకను కూలదోసిన అసలు కారణం అందులో లేదు. హంబన్‌తోట రేవు మొదటి దశ నిర్మాణానికి 2007లో చైనా ఎగ్జిమ్ బ్యాంకు 30.7 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. దానిపై వడ్డీ 6.3 శాతం. ఒక ప్రభుత్వ సంస్థ మరో దేశ ప్రభుత్వానికి ఇచ్చే అప్పుగా చూస్తే అది ఎక్కువే. రేవుకు సమీపంలోనే ప్రపంచంలో అత్యంత రద్దీగా ఉండే నౌకామార్గాల్లో ఒకటి సాగుతున్నా, సరుకు దింపి ఎక్కించుకోవడానికి ఓడలు కొలంబోనే ఎంచుకోవడంతో కొత్త రేవుకు చాలినంత రాబడి రాలేదు. చివరికి 2017లో చైనా మర్చంట్స్ సంస్థ 112 కోట్ల డాలర్లు చెల్లించి ఆ రేవును 99 ఏళ్ల లీజుకు తీసుకుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ లీజు సొమ్ము హంబన్‌తోట అప్పు కింద జమ కాలేదు, అప్పు రద్దూ కాలేదు. ఆ డాలర్లు శ్రీలంక విదేశీ మారక నిల్వల్లో చేరాయి, రేవు కోసం చేసిన అప్పు వాయిదాలు ప్రభుత్వం నెత్తిన యథాతథంగా మిగిలాయి. అంటే బాకీ చెల్లించలేదని అప్పిచ్చినవాడు రేవును జప్తు చేసుకోలేదు. మిగతా విదేశీ చెల్లింపులకు డాలర్లు చాలక ప్రభుత్వమే దాన్ని లీజుకిచ్చింది. చైనా రుణాల షరతులు గోప్యంగా ఉండడం, రాబడి లెక్క సరిగా వేయని ప్రాజెక్టులకు అవి సులభంగా దొరకడం నిజమైన లోపాలే. అయితే దివాలాకు దారి తీసిన బరువు వేరే చోట ఉంది.

ఆ బరువు అంతర్జాతీయ బాండ్లది, అంటే విదేశీ మదుపరులకు అమ్మే అప్పు పత్రాలది. ఆదాయం పెరిగి మధ్యాదాయ దేశాల వరుసలోకి చేరిన కొద్దీ శ్రీలంకకు ప్రపంచ బ్యాంకు, జపాన్ వంటి వారి నుంచి వచ్చే చౌక రుణాలు తగ్గుతూ వచ్చాయి. ఆ ఖాళీని పూరించడానికి 2007లో తొలిసారిగా 50 కోట్ల డాలర్ల బాండ్లను విదేశీ మదుపరులకు అమ్మింది. ఆ దారిలోనే సాగి, 2022 నాటికి ఇలాంటి బాండ్ల బాకీ సుమారు 1,250 కోట్ల డాలర్లకు చేరింది. చౌక రుణానికీ బాండుకూ తేడా వడ్డీలో మాత్రమే లేదు. ప్రపంచ బ్యాంకు వారి అంతర్జాతీయ అభివృద్ధి సంఘం ఇచ్చే రుణాన్ని మొదటి కొన్నేళ్లు వడ్డీ భారం పెద్దగా లేకుండా వాడుకుని, ముప్పై ఏళ్లకు పైగా చిన్న వాయిదాల్లో తీర్చవచ్చు. బాండు విషయంలో ఆరు నెలలకోసారి వడ్డీ కట్టాలి, గడువు నాడు అసలు మొత్తం ఒక్కసారే డాలర్లలో చెల్లించాలి. ఆ నాటికి చేతిలో డాలర్లు లేకపోతే పాత బాండు తీర్చడానికి కొత్త బాండు అమ్మాలి, అది కొనేవాళ్లు ఉండాలి. 2019లో తీసుకున్న పదేళ్ల బాండ్లకు శ్రీలంక ఏటా 7.5 శాతానికి మించి వడ్డీ ఒప్పుకుంది. ఆ డబ్బుతో వేసిన రోడ్లు ప్రజలకు ఉపయోగపడి ఉండవచ్చు గాని, వాటి మీద తిరిగే బస్సులు టిక్కెట్టును శ్రీలంక రూపాయల్లోనే వసూలు చేస్తాయి. డాలర్లు తెచ్చేవి తేయాకు, దుస్తుల ఎగుమతులు, పర్యాటకం, గల్ఫ్ దేశాల్లో పనిచేసేవారు పంపే సొమ్ము మాత్రమే.

2019 ఏప్రిల్‌లో ఈస్టర్ నాటి బాంబు పేలుళ్లు పర్యాటకాన్ని దెబ్బతీశాయి. అదే ఏడాది చివర కొత్త ప్రభుత్వం విలువ ఆధారిత పన్నును 15 శాతం నుంచి 8 శాతానికి తగ్గించి తన ఆదాయాన్ని తానే కోసుకుంది. వెంటనే కోవిడ్ వచ్చింది. అప్పు తీర్చే సత్తాను అంచనా కట్టే రేటింగ్ సంస్థలు దేశం స్థాయిని దించేయడంతో కొత్త బాండ్లు అమ్మే దారి మూసుకుపోయింది. 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి నిషేధించి, పంటలు దెబ్బతిన్నాక నవంబరులో వెనక్కి తీసుకున్నారు. 2019 చివర సుమారు 760 కోట్ల డాలర్లు ఉన్న నిల్వలు 2022 మార్చి నాటికి 200 కోట్ల లోపుకు పడిపోయాయి, అందులోనూ వెంటనే వాడుకోగలిగింది చాలా తక్కువ.

ఇంత జరుగుతున్నా 2022 జనవరిలో గడువు తీరిన 50 కోట్ల డాలర్ల బాండును ప్రభుత్వం పూర్తిగా చెల్లించింది. ఆ దేశపు ఆర్థికవేత్తలు పలువురు ముందే వద్దని హెచ్చరించారు. ఆ చెల్లింపు మొత్తం వ్యవహారంలో అత్యంత బాధాకరమైన నిర్ణయమని నా అభిప్రాయం. కొద్ది వారాలకే వంటగ్యాసుకూ పెట్రోలుకూ మైళ్ల పొడవున వరుసలు కట్టిన జనానికి, ఆసుపత్రుల్లో మందులు లేక ఇబ్బంది పడిన రోగులకు కావలసింది ఆ డాలర్లే. 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపును నిలిపివేస్తున్నట్లు ప్రకటించే నాటికి దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఏడాది ముందే ఆ ప్రకటన చేసి, అప్పిచ్చినవాళ్లతో కూర్చుని ఉంటే సామాన్యుడికి ఇంత నష్టం జరిగేది కాదు.

ప్రశ్న: ఆ సమయంలో భారత్ శ్రీలంకకు 400 కోట్ల డాలర్ల సాయం చేసిందని వార్తలు వచ్చాయి. అది ఉచితంగా ఇచ్చినదా, తిరిగి తీసుకునేదా? అసలు విదేశీ సాయమంటే ఎక్కువ భాగం అప్పేనా?
(ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: దానిలో ఎక్కువ భాగం తిరిగి రావలసిన డబ్బే. ఆహారం, మందులు వంటి అత్యవసరాలు కొనుక్కోవడానికి 100 కోట్ల డాలర్లు, ఇంధనానికి 50 కోట్ల డాలర్లు రుణంగా ఇచ్చారు. మరో 40 కోట్ల డాలర్లు రెండు కేంద్ర బ్యాంకుల మధ్య, గడువుకు తిరిగి ఇచ్చేయాల్సిన కరెన్సీ మార్పిడి ఒప్పందం కింద వెళ్లాయి. కొన్ని ఆసియా దేశాల కేంద్ర బ్యాంకులు పరస్పర చెల్లింపులు తేల్చుకునే ఆసియా క్లియరింగ్ యూనియన్ ద్వారా, శ్రీలంక తన దిగుమతులకు మనకు కట్టాల్సిన బాకీలను వాయిదా వేశారు. మందులు, బియ్యం వంటివి కొన్ని విరాళంగా అందాయి. అప్పే అయినంత మాత్రాన దాని విలువ తగ్గదు. ఎవరూ చమురు ఓడను నమ్మి పంపని రోజుల్లో అది అందింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి రుణం మంజూరు కావాలంటే పాత రుణదాతలు తమ బాకీలను సడలిస్తామని ముందుగా హామీ ఇవ్వాలి. 2023 జనవరిలో ఆ హామీని అందరికంటే ముందు ఇచ్చింది భారత్. 2025 ఏప్రిల్‌లో మన ప్రధాని కొలంబో వెళ్లినప్పుడు, అంతకుముందు ఆరు నెలల్లో 10 కోట్ల డాలర్లకు పైగా రుణాలను విరాళంగా మార్చినట్లు చెప్పారు.

ఇక ప్రపంచం మొత్తం మీద చూస్తే, సంపన్న దేశాలు ఇచ్చే అధికారిక అభివృద్ధి సాయంలో విరాళాలూ ఉంటాయి, తక్కువ వడ్డీ రుణాలూ ఉంటాయి. ప్రతి సంపన్న దేశం తన జాతీయాదాయంలో 0.7 శాతం ఇలా ఇవ్వాలని 1970లోనే ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టింది. నార్వే, స్వీడన్, డెన్మార్క్, లక్సెంబర్గ్ వంటి కొద్ది దేశాలే దాన్ని నిలబెట్టుకున్నాయి. 2023లో ఈ సాయం సుమారు 22,300 కోట్ల డాలర్లు కాగా, 2024లో 21,200 కోట్లకు తగ్గింది. 2025లో అమెరికా తన సాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసివేసింది, బ్రిటన్ 2027 నాటికి తన సాయాన్ని జాతీయాదాయంలో 0.3 శాతానికి కుదిస్తానంది.

దీని పక్కన మరో అంకె పెట్టి చూడండి. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 2023లో అల్పాదాయ, మధ్యాదాయ దేశాలు విదేశీ అప్పుల మీద అసలు, వడ్డీ కలిపి 1.4 లక్షల కోట్ల డాలర్లు చెల్లించాయి. అందులో వడ్డీయే 40,600 కోట్ల డాలర్లు. చైనా, బ్రెజిల్ వంటి పెద్ద దేశాలు కూడా ఈ లెక్కలో ఉన్నందున రెండు అంకెలనూ నేరుగా తూచలేం. అయినా వచ్చే సాయం కంటే పోయే వడ్డీ దాదాపు రెట్టింపు అన్న సంగతి, సాయాన్ని దాతృత్వంగా మాత్రమే చూసేవారు తప్పక తెలుసుకోవాలి.

ప్రశ్న: పేద దేశాల అప్పులన్నీ ఒక్కసారి మాఫీ చేస్తే సమస్య తీరదా? ఇంతకుముందు అలా చేశారని విన్నాను. మళ్లీ ఎందుకు మునిగిపోయాయి?
(ఒక విద్యార్థి, అనంతపురం)

జవాబు: చేశారు. దాని మంచీ చెడూ రెండూ ఆఫ్రికాలోని జాంబియా చరిత్రలో కనిపిస్తాయి. రాగి ఎగుమతి మీద బతికే ఆ దేశం 1970ల మధ్య నుంచి రాగి ధర పడిపోవడంతో అప్పుల్లో కూరుకుపోయింది. తీవ్ర రుణభారం ఉన్న పేద దేశాల కోసం ప్రపంచ బ్యాంకు, ద్రవ్యనిధి 1996లో ప్రారంభించిన పథకం కింద, దానికి తోడుగా 2005లో వచ్చిన మరో మాఫీ కింద జాంబియా విదేశీ బాకీ 700 కోట్ల డాలర్ల పైనుంచి సుమారు 50 కోట్ల డాలర్లకు దిగింది. 2006 ఏప్రిల్ నుంచి గ్రామీణ ప్రాంతాల ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రోగుల దగ్గర వసూలు చేసే రుసుము ఎత్తివేశారు. రుణమాఫీ వృథా అనేవారికి నేను చూపే మొదటి ఉదాహరణ ఇదే.

అదే సమయంలో మాఫీ పరిధిలోకి రాని వాళ్లు ఏం చేశారో కూడా చెప్పాలి. 1979లో రుమేనియా జాంబియాకు ట్రాక్టర్లు తదితర వ్యవసాయ యంత్రాల కోసం 1.5 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. వడ్డీతో అది రెట్టింపయ్యాక, 1999లో డోనిగాల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ ఆ బాకీ పత్రాన్ని రుమేనియా నుంచి సుమారు 33 లక్షల డాలర్లకు కొనుక్కుంది. తరువాత 5.5 కోట్ల డాలర్లు కట్టాలని లండన్ కోర్టులో దావా వేసింది. 2007లో కోర్టు 1.55 కోట్ల డాలర్లు చెల్లించమంది, అంటే పెట్టుబడికి నాలుగున్నర రెట్లకు పైగా. ఇలాంటి కంపెనీలను రాబందు నిధులంటారు. మిగతా రుణదాతలు మాఫీ చేసిన డబ్బును ఇవి కోర్టు ద్వారా తమవైపు మళ్లించుకున్నాయి. ఈ తీర్పు మీద లేచిన ఆగ్రహం వల్లనే బ్రిటన్ 2010లో చట్టం చేసి, ఆ మాఫీ పథకంలోని దేశాల మీద పాత బాకీలకు పూర్తి మొత్తం రాబట్టుకోకుండా అడ్డుకట్ట వేసింది. ఒక దేశపు చట్టసభ పూనుకుంటే ఎంత చేయవచ్చో ఇది చూపింది. ఇలాంటి దేశాలు విదేశాల్లో అమ్మే బాండ్లలో అధిక భాగం న్యూయార్క్ లేదా ఇంగ్లండ్ చట్టానికి లోబడి ఉంటాయి గనుక న్యూయార్క్‌లో కూడా అలాంటి చట్టం రావాలని ఉద్యమకారులు అడుగుతున్నారు. అది పూర్తిగా న్యాయమైన కోరిక.

ఇక మళ్లీ ఎందుకు మునిగిందంటే, పాత అప్పు తుడిచారు గాని అప్పు పుట్టే తీరు మారలేదు. బాకీ తగ్గిన జాంబియా బాండు మదుపరులకు మంచి గిరాకీగా కనిపించింది. 2012లో 75 కోట్ల డాలర్ల బాండ్లను 5.4 శాతం వడ్డీకి అమ్మగలిగింది. 2014లో 100 కోట్ల డాలర్లకు వడ్డీ 8.5 శాతమైంది, 2015లో 125 కోట్ల డాలర్లకు దాదాపు 9 శాతమైంది. అదే కాలంలో రాగి ధర మళ్లీ పడింది, జాంబియా కరెన్సీ క్వాచా విలువ కరిగిపోయింది. 2012లో డాలరుకు సుమారు 5 క్వాచాలు ఉండేవి, 2020 చివరికి 21 దాకా వెళ్లాయి. అంటే కొత్తగా ఒక్క డాలరు తీసుకోకపోయినా, పాత అప్పే పన్నులు కట్టే జాంబియా పౌరుడికి నాలుగింతలైంది. రోడ్లకూ విద్యుత్ కేంద్రాలకూ చైనా బ్యాంకుల దగ్గర తీసుకున్న రుణాలు వీటికి తోడయ్యాయి. 2020 నవంబరులో 4.25 కోట్ల డాలర్ల వడ్డీ వాయిదా కట్టలేక జాంబియా చేతులెత్తేసింది.

ఆ తరువాత జరిగిన ఆలస్యం గురించి ఎక్కువ చెప్పాలి. మన ఊళ్లో వ్యాపారి దివాలా తీస్తే కోర్టు ఉంది, ఆస్తి అప్పుల లెక్క తేల్చి అందరికీ వంతులు వేస్తుంది. దేశం దివాలా తీస్తే అలాంటి కోర్టు లేదు. 2001లో ద్రవ్యనిధి ఉన్నతాధికారిణి ఆన్ క్రూగర్ అలాంటి ఏర్పాటును ప్రతిపాదించారు గాని, అమెరికా, మదుపరులు వ్యతిరేకించడంతో 2003లో అది పక్కకు పోయింది. 1956 నుంచి పారిస్ క్లబ్ పేరుతో సంపన్న దేశాలు కూర్చుని బాకీలు సవరించేవి, కానీ నేటి పెద్ద రుణదాతలైన చైనా, భారత్ అందులో సభ్యులు కావు. అందుకే 2020 నవంబరులో జీ20 దేశాలు ఉమ్మడి చట్రం పేరుతో ఒక పద్ధతి పెట్టాయి. జాంబియా దాని తలుపు తట్టింది. చైనా, ఫ్రాన్స్ సహాధ్యక్షులుగా ఉన్న రుణదాత దేశాల కమిటీతో 630 కోట్ల డాలర్ల బాకీపై ఒప్పందం కుదరడానికి 2023 జూన్ దాకా పట్టింది. బాండ్లవాళ్లతో లెక్క తేలింది 2024లో. మూడున్నరేళ్లు! నేను ముందు నష్టపోను అని ప్రతి రుణదాతా పక్కవాడి వైపు చూస్తూ కూర్చున్న ఆ కాలమంతా కొత్త పెట్టుబడులు ఆగిపోయాయి, బడులకూ ఆసుపత్రులకూ బడ్జెట్టు బిగిసిపోయింది. కాబట్టి మాఫీ కావాలి, దానితోపాటు ఎగవేత నాటి నుంచి వడ్డీ ఆగిపోయేలా, కోర్టు దావాలు నిలిచిపోయేలా, అందరు రుణదాతలూ ఒకే గడువులో ఒకే బల్ల దగ్గరికి వచ్చేలా నిబంధన కావాలి. ఇది రానంత కాలం ప్రతి మాఫీ తరువాతి సంక్షోభానికి విరామం మాత్రమే అవుతుంది.

ప్రశ్న: ద్రవ్యనిధి షరతుల భారం చివరికి ఎవరి మీద పడుతుంది?
(ఒక బ్యాంకు ఉద్యోగి, వరంగల్)

జవాబు: శ్రీలంకనే తీసుకుంటే, 2023 మార్చిలో ద్రవ్యనిధి నాలుగేళ్లలో విడతలుగా సుమారు 300 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. దానికి ముందూ తరువాతా విద్యుత్ ఛార్జీలను భారీగా పెంచారు. 8 శాతానికి దించిన విలువ ఆధారిత పన్ను 2024 జనవరికి 18 శాతమైంది. ఆదాయం లేని ప్రభుత్వానికి పన్నులు పెంచడం తప్పనిసరేనని నేను ఒప్పుకుంటాను. అయితే వినియోగం మీద వేసే పన్ను కూలి మనిషి దగ్గరా, కోటీశ్వరుడి దగ్గరా ఒకే రేటున వసూలవుతుంది. ప్రపంచ బ్యాంకు అంచనాల్లో 2023 నాటికి అక్కడ సుమారు నలుగురిలో ఒకరు పేదరికంలో ఉన్నారు.

దీనికంటే నన్ను కలచివేసింది మరొకటి. 2023 జూలైలో దేశీయ అప్పులను సవరించినప్పుడు వాణిజ్య బ్యాంకులను మినహాయించి, ప్రైవేటు రంగ కార్మికుల భవిష్యనిధిని అందులో చేర్చారు. నిధి దగ్గరున్న ప్రభుత్వ బాండ్లను తక్కువ వడ్డీ వచ్చే దీర్ఘకాలిక బాండ్లతో మార్చుకోవాలి, లేకుంటే రాబడి మీద రెట్టింపుకు పైగా పన్ను కట్టాలి. తేయాకు తోటల్లో కొండవాలు మీద ఆకు కోసే తమిళ కార్మికురాలికీ, దుస్తుల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే అమ్మాయికీ ముసలితనానికి ఉన్న ఒకే ఒక్క ఆసరా ఆ నిధి. బ్యాంకులు కూలిపోతే డిపాజిటుదారులు నష్టపోతారన్న ప్రభుత్వ వాదనలో బలం లేకపోలేదు. కాని అప్పు చేయడంలో ఏ పాత్రా లేనివాళ్ల పింఛను సొమ్మును ముందు వరుసలో పెట్టడం అన్యాయమే. విదేశీ బాండ్లవాళ్లతో ఒప్పందం 2024 డిసెంబరులో పూర్తయింది. వారు అసలులో కొంత వదులుకున్నారు, అయితే దేశ ఆదాయం అంచనాను మించి పెరిగితే వారికి చెల్లింపులు పెరిగేలా షరతు పెట్టుకున్నారు. కార్మికుల నిధికి అలాంటి షరతు ఎవరూ అడగలేదు.

ప్రశ్న: అమరావతికి ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు ఇచ్చే రుణాలతో మనకూ శ్రీలంక గతి పడుతుందా?
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: పడదు, కాని మీరు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు 78.8 కోట్ల డాలర్లు ఆమోదించాయి. రాజ్యాంగంలోని 293వ అధికరణం ప్రకారం రాష్ట్రం దేశం లోపల మాత్రమే అప్పు చేయగలదు, విదేశీ సంస్థకు రుణగ్రహీత కేంద్ర ప్రభుత్వమే. అందువల్ల ఈ రుణం దేశం మొత్తం పరపతి మీద నడుస్తుంది. 2025 మార్చి నాటికి భారత్ విదేశీ రుణం 73,600 కోట్ల డాలర్లు, స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 19 శాతం. అప్పటి మన విదేశీ మారక నిల్వలు ఆ రుణంలో దాదాపు 90 శాతానికి సమానం. ఆ విదేశీ రుణంలో ప్రభుత్వం నేరుగా చేసిన అప్పు నాలుగో వంతు కూడా లేదు, అధిక భాగం కంపెనీలదీ బ్యాంకులదీ. చాలామందికి తెలియని సంగతి ఏమంటే, అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ ఉన్న మనవాళ్లు ఇక్కడి బ్యాంకుల్లో వేసే ప్రవాస డిపాజిట్లు కూడా ఈ విదేశీ రుణం లెక్కలోకే వస్తాయి. ఇంటికి పంపే సొమ్ము మాత్రం రాదు. 1990-91లో గల్ఫ్ యుద్ధం వల్ల చమురు ధర పెరిగినప్పుడు ఆ ప్రవాస డిపాజిట్లు వెనక్కి పోవడం సంక్షోభాన్ని పెంచింది. పి.వి. నరసింహారావు ప్రధాని అయిన కొద్ది రోజులకే, 1991 జూలైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల వద్ద తాకట్టు పెట్టి 40 కోట్ల డాలర్లు తేవలసి వచ్చింది. ఆ ఏర్పాటు అవమానకరమని అప్పట్లో చాలామంది బాధపడ్డారు. కాని ఒక్క వాయిదా కూడా తప్పకుండా దేశం గట్టెక్కింది.

మీరు అడగాల్సిన ప్రశ్న మారకపు రేటు గురించి. 2005 తర్వాత ప్రత్యేక హోదా లేని సాధారణ రాష్ట్రాలకు కేంద్రం విదేశీ రుణాలను తాను తీసుకున్న షరతులతోనే బదలాయిస్తోంది, అంటే రూపాయి పడిపోతే పెరిగే భారం రాష్ట్రానిదే. రాజధాని భవనాలు, రోడ్లు డాలర్లు సంపాదించవు. కాబట్టి ఏ విదేశీ సంస్థ రుణమైనా, అసలు, వడ్డీ, మారకపు నష్టం ఇవి మూడూ ఏ ఏడాది ఎంత, ఏ బడ్జెట్టు నుంచి కడతారు అన్న పట్టికను శాసనసభ ముందు పెట్టమని మన ప్రతినిధులను అడగాలి. జాంబియా, శ్రీలంక పౌరులకు ఆ పట్టిక చూసే అవకాశం సంక్షోభం వచ్చాక గాని దొరకలేదు.